అల్బోరియా క్యూ

అల్బోరియా అనే దేశం ఎక్కడా లేదు. ప్రపంచ యుద్ధం ముగిసిన రెండేళ్ళకు డాన్ ఎపిఫానియో ఒక మధ్యాహ్నం భోజనం చేస్తూ దాన్ని పుట్టించాడు. దక్షిణ సముద్రంలో ఒక దీవి, చల్లటి గాలి, యాపిల్ తోటలు, పనివాళ్ళకు కరువు. జెండా కూడా ఆయనే గీశాడు. రెండు ఊళ్ళు తిరిగాక గ్వయాకిల్ రేవుకు రెండు వీధుల అవతల ఒక మేడ అద్దెకు తీసుకుని, గుమ్మం మీద ఇత్తడి పలక కొట్టించి, నల్లకోటు తొడుక్కుని ఆ దేశం వీసాలిచ్చే కాన్సల్ అయి కూర్చున్నాడు. ఆ ఎత్తూ, ఆ మీసం, ఆ నిదానం చూస్తే నిజం కాన్సల్ కూడా లేచి కుర్చీ ఇస్తాడు.

ముఠాలో మిగతావాళ్ళకు తలో పని. ముద్రలు చెక్కేది నికనోర్. ఏ సర్కారు ముద్రనైనా ఒక్కసారి కంటితో చూస్తే చాలు, సాయంత్రానికి చెక్క మీద దింపేస్తాడు. రెమిహియో డాక్టరు. అంటే, పశువుల డాక్టరు వెనక రెండేళ్ళు సంచి మోశాడు. వచ్చినవాళ్ళ పళ్ళు చూసి, కనురెప్పలు పైకెత్తి, గంభీరంగా తలాడించి, పదిమందిలో ఒకరిని పనికిరావని తిప్పి పంపేవాడు. అసలు కిటుకంతా ఆ ఒక్కరిలోనే ఉంది. అందరికీ ఇచ్చేస్తే ఎవరు నమ్ముతారు?

ఇక కసిల్డా. ఆవిడ పని క్యూ.

పొద్దున ఏడింటికే నల్ల శాలువా కప్పుకుని మేడ కింది వసారాలో నిలబడేది. ముందూ కాకుండా, చివరా కాకుండా, నడిమధ్యలో. మెల్లగా పక్కవాళ్ళను మాటల్లోకి దింపేది. మా అమ్మాయి అక్కడే ఉంది, రెండేళ్ళయింది వెళ్ళి, నేనూ పోతున్నాననేది. తన వంతు దగ్గరపడగానే కాగితం ఏదో ఇంట్లో మరిచిపోయానంటూ తప్పుకుని, కాసేపటికి మళ్ళీ వెనక చేరేది. కాన్సల్ ఎంత దర్జాగా మాట్లాడినా, ముద్ర ఎంత చక్కగా పడినా, జనం డబ్బు మూటలు విప్పేది కసిల్డా మాట మీదే. ఆ సంగతి ఎపిఫానియోకు తెలుసు.

"నువ్వు క్యూలో కళ్ళొత్తుకుంటే నాకే వీసా తీసుకోవాలనిపిస్తుందే కసిల్డా," అనేవాడు.

ఆ అమ్మాయి పేరు లుస్మీలా. ముఠాలో ముగ్గురూ అది ఉత్తుత్తి పిల్ల అనుకున్నారు. కానీ లుస్మీలా కసిల్డా కడుపున పుట్టిన పిల్లే. ఆరో ఏట జ్వరం వచ్చి, వేడి దిగాలని నెత్తిమీది జుట్టంతా కత్తిరించేసినా దిగక, మూడోనాడు పోయింది. పదకొండేళ్ళయింది. పోయిందన్న మాట కసిల్డా ఇంతవరకూ పైకి అనలేదు. ముఠాలో చేరిన కొత్తలో క్యూలో ఎవరో మీ అమ్మాయి పేరేంటని అడిగితే నోటికి ఆ పేరే వచ్చింది. ఆనాటినుంచి రోజుకింత పెంచుతూ వచ్చింది. లుస్మీలాకు పదిహేడేళ్ళు వచ్చాయి, నడుము దాటే జడ వచ్చింది, తోట యజమాని ఇంట్లో కుట్టుపని దొరికింది. అబద్ధాలు చెప్పి పొట్ట పోసుకునేవాళ్ళు లోకంలో బోలెడుమంది ఉన్నారు గానీ, అబద్ధంతో పిల్లను పెంచుకున్నది ఈవిడొక్కతే. సాయంత్రాలు గదికి పోతుంటే ఆమె మనసు తేలిగ్గా ఉండేది.

వాళ్ళ పద్ధతి ఇదీ. వీసా ఇచ్చినవాళ్ళకు ఒక తేదీ చెప్పేవారు. ఆ రోజు ఆటు మొదలై నీళ్ళు సముద్రం వైపు తియ్యగానే పడవ మాట్లాడుకుని నది మొగకు పోవాలి, అక్కడికి అల్బోరియా ఓడ వస్తుంది. ఓడ రాదు. జనం రెండు రోజులు నీళ్ళలోకి చూసి చూసి, తిట్టుకుంటూ తిరిగొచ్చేసరికి మేడకు తాళం ఉంటుంది, ఇత్తడి పలక ఇంకో ఊళ్ళో ఇంకో గుమ్మం మీద ఉంటుంది. మాంతాలో అలాగే జరిగింది, ఎస్మెరాల్దాస్‌లోనూ అలాగే జరిగింది.

గ్వయాకిల్‌లో అలా జరగలేదు. మొదటి జట్టు పదకొండుమంది వెళ్ళారు. ముఠా కూడా ఆనాడే మూటాముల్లే సర్దాలి, కానీ ఎపిఫానియోకు చలిజ్వరం పట్టుకుని మంచం దిగలేకపోయాడు. తలుపులు బిగించుకుని నలుగురూ బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. నాలుగు రోజులైనా ఎవరూ రాలేదు. వారమైంది. తిట్టడానికి ఒక్కడంటే ఒక్కడు రాలేదు. ఉండబట్టలేక రెమిహియో రేవుకు వెళ్ళి పడవవాణ్ణి కదిపాడు. వాడు వల కుట్టుకుంటూ తలెత్తకుండానే చెప్పాడట, ఓడ వచ్చింది, ఎక్కించాను, వెళ్ళిపోయారని. ఎలాంటి ఓడరా అంటే, తెల్లటిది, చప్పుడు చెయ్యదు అన్నాడట.

ఎపిఫానియో నవ్వేశాడు. పడవవాడు తాగి ఉంటాడన్నాడు. జనం మోసపోయిన సిగ్గుతో ఎటో పల్లెలకు పోయి ఉంటారన్నాడు. జ్వరం తగ్గినా ఊరు మాత్రం విడవలేదు. ఫిర్యాదులు రాని ఊరు దొరికితే ఏ మోసగాడు వదులుకుంటాడు? రెండో జట్టు వెళ్ళింది, మూడోది వెళ్ళింది. నాలుగో జట్టుతో వెళ్ళినవాళ్ళు అరవైమంది అయ్యారు. ఒక్కరూ తిరిగి రాలేదు. కసిల్డాకు తిండి సయించడం మానేసింది. రోజూ ఎవరిచేతనో పేపరు చదివించుకుని, నది మొగలో పడవలేమైనా మునిగాయా అని అడిగేది. మునగలేదు. ఆ అరవైమందీ తన మాట పట్టుకుని కదిలినవాళ్ళే.

ఐదో జట్టుకు కాగితాలిచ్చే రోజు పొద్దున అబ్దోన్ వచ్చాడు. అతను తాపీ మేస్త్రి, మొదటి జట్టులో వెళ్ళినవాడు. వీధి పొడవునా కోకో గింజలు ఎండబోసి ఉన్నాయి. వాటిని కాళ్ళతో తిరగదోసే కూలీలు, పొరపాటున అంచు తొక్కినవాణ్ణి కూడా నానా తిట్లూ తిట్టేవాళ్ళు. అబ్దోన్ ఆ గింజల నడుమగా నడిచి వచ్చాడు. కూలీలు ఒక్కరూ తలెత్తలేదు. అతని కాళ్ళకింద ఒక్క గింజ చప్పుడు కాలేదు, ఒక్కటి పక్కకు జరగలేదు. కసిల్డా అది కళ్ళారా చూసింది.

కిటికీలోంచి ఎపిఫానియో కూడా అతన్ని చూశాడు. ఇక తన్నులు తప్పవనుకుని చేతికర్ర పట్టుకుని కిందికి దిగాడు. అబ్దోన్ టోపీ తీసి, ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుని మీ మేలు మరిచిపోనన్నాడు. మంచి దేశమన్నాడు. అక్కడ ఎండ కాల్చదట, ఆకలి వెయ్యదట, ఎంత పని చేసినా అలుపు రాదట. భార్యనూ పిల్లల్నీ తీసుకుపోదామని వచ్చాడట. భార్య ఎతెల్వీనా ఇద్దరు పిల్లల్నీ చెరో చేత్తో పట్టుకుని అప్పటికే క్యూలో నిలబడి ఉంది. ఎపిఫానియో మొహంలో నెత్తురు చుక్క లేదు. అలాగే, తప్పకుండా అంటూ వెనక్కి వెనక్కి నడిచి మెట్లెక్కేశాడు. తన చేతిని పట్టుకున్న ఆ చేతులకు బరువు లేదని పైకి వెళ్ళాక నికనోర్‌తో చెప్పాడు.

అబ్దోన్ కసిల్డా దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"అమ్మా, మీ అమ్మాయిని చూశాను."

కసిల్డా నోరు అలవాటుగా నవ్వింది. పెద్ద జడేసుకుని ఉంటుందే, ఆ పిల్లేనా అంది.

"జడెక్కడిదమ్మా? మీరేమో పదిహేడేళ్ళన్నారు. ఇంతే ఉంది." నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. "జుట్టంతా కత్తిరించేశారు, ఎగుడుదిగుడుగా. ఓడ ఆగే రేవులోనే కూర్చుంటుంది. దిగినవాళ్ళందర్నీ మా అమ్మ వచ్చిందా అని అడుగుతుంది."

 ఆ జుట్టు కత్తిరించింది కసిల్డానే, వంటింటి కత్తెరతో. ఆ గదిలో అప్పుడు ఇంకో మనిషి లేడు. అంటే పిల్ల ఉంది. రేవులో కూర్చుని ఉంది. పదకొండేళ్ళలో ఆమెకు ఇంత సంతోషం ఎన్నడూ కలగలేదు. ఆ సంతోషం వెంటనే అది ఎలాంటి దేశమో తెలిసింది, తాను అరవైమందిని ఎక్కడికి పంపిందో తెలిసింది.

ఈ ఆటుకే బయలుదేరుతున్నాం, మీరూ రండి, కాగితం మాత్రం ఉండాలి, అది లేకపోతే ఓడ ఎక్కించుకోరు అని చెప్పి అబ్దోన్ పక్కకు జరిగాడు.

కాగితమెంత పని? పైకెళ్ళి అడిగితే నికనోర్ నిమిషంలో ముద్ర కొడతాడు. కసిల్డా మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. వెనకనుంచి ఎతెల్వీనా శాలువా పట్టుకుని ఆపింది.

"అక్కా, ఒక్క మాట. నిన్న సాయంత్రం ఈయన ఇంటికొచ్చిన కాణ్ణుంచి నాకు గుండెల్లో ఒకటే దడ. పచ్చి అరటికాయ ముద్ద చేసి పెడితే ముట్టలేదు. పిల్లలు దగ్గరికి పోవట్లేదు. అడిగితే నవ్వుతాడు. నీ కూతురు అక్కడుందంటున్నావుగా. నువ్వూ ఒక తల్లివి. చెప్పు, వీళ్ళను తీసుకుపోనా?"

చిన్నది తల్లి లంగా చాటునుంచి కసిల్డాను చూస్తోంది. దానికి అయిదేళ్ళుంటాయేమో. ముక్కు కారుతోంది.

జవాబు సిద్ధంగానే ఉంది. రోజుకు ఇరవైసార్లు చెప్పిన జవాబే. తీసుకుపోమ్మా అంటే చాలు, తానూ అదే పడవలో పోవచ్చు, సాయంత్రానికల్లా పిల్లను ఒళ్ళోకి తీసుకోవచ్చు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. అది చెప్పాక ఈ క్యూ ఉండదు, కాన్సల్ ఉండడు, కాగితం ఉండదు. ఇన్నాళ్ళూ పెంచుకున్న పిల్ల మళ్ళీ పోతుంది, ఈసారి తల్లి నోటి మాటతోనే. కసిల్డాకు ఎతెల్వీనా మీద పట్టరాని కోపం వచ్చింది. ఇంతమంది ఉండగా తననే ఎందుకు అడగాలి?

"తీసుకుపోవద్దు," అంది చివరికి.

"అదేంటక్కా, మరి నీ కూతురు..."

"నా కూతురు చచ్చిపోయింది. ఆరేళ్ళప్పుడు, జ్వరమొచ్చి." గొంతు తనది కాదన్నట్టు పెద్దగా వచ్చింది. "జడా లేదు, కుట్టుపనీ లేదు. అన్నీ నేను చెప్పిన అబద్ధాలే. ఆ ఓడెక్కినవాళ్ళెవరూ బతికి లేరు. పిల్లల్ని తీసుకుని ఇంటికి పో."

 వీధిలో కూలీల కాళ్ళకింద గింజల గరగర ఒక్కటే వినిపిస్తోంది. ఎతెల్వీనా మొగుడి వంక చూసింది. అబ్దోన్ కాదనలేదు, కోప్పడలేదు. టోపీ చేతిలో తిప్పుకుంటూ తల వంచుకున్నాడు. ఆమె చిన్నదాన్ని చంకనేసుకుని, పెద్దవాణ్ణి రెక్క పట్టుకుని పరుగు తీసింది. ఆ పరుగు చూసి క్యూ మొత్తం చెదిరిపోయింది. ఎవరో కిటికీ మీదికి రాయి విసిరారు.

కసిల్డా పైకి ఉరికేసరికి గదిలో ఎవరూ లేరు. ముగ్గురూ వెనక మెట్లు దిగి పారిపోయారు. ముద్రలూ కాగితాలూ పొయ్యిలో మండుతున్నాయి. ఆమె మంటలో చెయ్యి పెట్టి లాగింది. వేళ్ళు బొబ్బలెక్కాయి గానీ పనికొచ్చేది ఏదీ చేతికి రాలేదు.

రేవుకు చేరేసరికి ఆటు మొదలైంది. నది నిండా గుర్రపుడెక్క తెట్టెలు తెట్టెలుగా సముద్రం వైపు కొట్టుకుపోతోంది. పడవలో అబ్దోన్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పడవవాడు తాడు విప్పుతున్నాడు. నన్నూ ఎక్కించుకో నాయనా అని కసిల్డా బతిమాలింది. కాగితమేదని అబ్దోన్ అడిగాడు. ఆమె కాలిన చేతులు చూపించింది. అతని మొహంలో నిజంగానే జాలి కనిపించింది.

పిల్లలు ఇంటికి చేరారా అని అడిగాడు. చేరారంది. మంచిదన్నట్టు తల ఊపాడు.

"పాపకేమైనా చెప్పాలా అమ్మా?"

"వస్తున్నానని చెప్పు," అంది వెంటనే. పడవ గట్టు వదిలింది. ఆమె మోకాలి లోతు నీళ్ళలోకి దిగింది. "ఆగు, అలా చెప్పకు. అమ్మ ఇప్పుడప్పుడే రాదని చెప్పు. రేవులో కూర్చోవద్దని చెప్పు. వెళ్ళి ఆడుకోమను."

అలాగేనని అబ్దోన్ చెయ్యెత్తాడు. పడవ గుర్రపుడెక్కను చీల్చుకుంటూ మొగ వైపు సాగిపోయింది.