నలభై ముగ్గురి పుట్టినరోజు

ఉప్పలగుప్తం పేటలో సుగుణ టీచరుగారి ఫోను రానిదే ఎవరి పుట్టినరోజూ మొదలయ్యేది కాదు. చర్చి సంఘం రిజిస్టరు ముందేసుకుని, పొద్దున్న ఆరింటికల్లా ఫోను చేసి దీవించడం ఇరవై ఏళ్లుగా ఆవిడ పని. ఒక్కరినీ వదల్లేదని కాస్త గర్వం కూడా. అలాంటిది మొన్న మే నెలలో అనిత పుట్టినరోజు మర్చిపోయింది. అనిత రెండు ఆదివారాలు మొహం తిప్పుకుని కూర్చుంది. సుగుణకి అన్నం సయించలేదు. ఇంకెవరూ తప్పిపోకూడదు, ఎలా?

ఇంట్లోంచే హైదరాబాదు కంపెనీకి పనిచేసే మేనకోడలు శారోన్ ఆ సంగతి విని నవ్వింది.

"ఇంతోటిదానికి బెంగెందుకత్తయ్యా? నీ దీవెన రికార్డు చేసి క్లౌడ్‌లో, అంటే ఎక్కడో కంపెనీవాళ్ల కంప్యూటర్లలో, పెట్టేస్తాను. రోజూ ఆరింటికి దానంతటదే లేచి, రిజిస్టరు చూసి, ఎవరి రోజైతే వాళ్లకి ఫోను చేసి పడుకుంటుంది."

"రాత్రంతా కంప్యూటరు వేసుంచాలా?"

"అక్కర్లేదు. మనకంటూ సర్వరే ఉండదు. పనున్నంతసేపే లేస్తుంది."

"పనుంటే లేస్తుందా? అయితే మీ మావయ్యకన్నా నయమే!"

క్లౌడ్ గడియారం మనకన్నా అయిదున్నర గంటలు వెనకట. మన ఆరింటికి లేపాలంటే అర్ధరాత్రి పన్నెండున్నర అని రాయాలట. శారోన్ అలాగే రాసింది. జూనంతా అది చక్కగా పనిచేసింది. సుగుణ నిశ్చింతగా కాఫీ తాగింది.

జూలై ఒకటిన ఆరింటికి ఎదురింట్లో ఫోను మోగింది. పక్కింట్లో మోగింది. చూస్తుండగానే పేటంతా మోగింది. ఎటు విన్నా సుగుణ గొంతే: "దేవుడు మిమ్మల్ని దీవించును గాక!"

"శారోనూ, నీ మిషనుకి పిచ్చెక్కిందే!"

"లేదత్తయ్యా. నలభై ముగ్గురికీ రిజిస్టర్లో ఇవాళే ఉంది."

అప్పుడు అర్థమైంది సుగుణకి. పూర్వం పుట్టినరోజు తెలియని కూలివాళ్ల పిల్లలు బడిలో చేరితే, హెడ్మాస్టారు అందరికీ జూలై ఒకటే రాసేసేవారు. సంఘం రిజిస్టర్లోకీ అదే ఎక్కింది. అది ఉత్తుత్తి తారీఖని తెలిసి, ఆవిడ ఆ పేర్ల జోలికి ఏనాడూ వెళ్లలేదు.

పొరపాటైందని చెబుదామని గుమ్మంలోకి వచ్చేసరికి, డెబ్భై దాటిన అప్పాయమ్మ ఉతికిన చీర కట్టుకుని, తల్లో కనకాంబరాలతో నిలబడి ఉంది. వెనకాల ఇంకో పదిమంది.

"వందనాలండి టీచరుగారూ. నాకూ ఓ పుట్టినరోజుందని మీరే గుర్తెట్టుకున్నారండి. పుట్టిందగ్గర్నించీ నన్నెవరూ ఇలా దీవించలేదండి."

సుగుణకి సిగ్గేసింది. ఇన్నేళ్లూ తను దాటేసిన మనిషి ఎదురుగా నవ్వుతోంది. ఆవిడ చేతులు పట్టుకుని, "పిన్నీ, దేవుడు నిన్ను దీవించును గాక," అంది. పదిమందికీ అలాగే, పేరుపేరునా చెప్పింది.

"ఆ తారీఖు తీసెయ్యనా అత్తయ్యా?" శారోన్ చెవిలో అడిగింది.

"తీసేవంటే ఊరుకోను!"

సుగుణ కళ్లు తుడుచుకుని చెప్పులేసుకుంది. ఇంకా ముప్పై ఇద్దరి ఇళ్లకి వెళ్లాలి.