ఏం నొక్కావ్?

"నువ్వేం నొక్కావ్?"

ముందుగదిలోంచి మా ఆయన వేసిన కేక వంటింటి దాకా వచ్చేసరికి నా చేతిలో సగం తరిగిన బీన్స్ ఉన్నాయి. నేను ఆ గదిలో లేను. తెల్లారి ఓసారి ఆ కంప్యూటర్ వేసి వచ్చాక మళ్ళీ అటు తొంగి చూడలేదు. అయినా ఆయన చూస్తుండగా మెయిల్ ప్రోగ్రాం మాయమైపోయిందంటే నేనేదో నొక్కే ఉండాలి. మా ఇంట్లో కుళాయి కారినా, గోడ గడియారం ఆగినా, పాలు విరిగినా ముందు వచ్చేది ఆ ప్రశ్నే. మొదట్లో "నేనేం ముట్టుకోలేదండీ" అని సంజాయిషీ ఇచ్చుకునేదాన్ని. తర్వాత్తర్వాత నిజంగానే ఏదైనా నొక్కానేమోనని నా చేతుల్ని నేనే అనుమానించడం మొదలుపెట్టాను. ఈ ఇంటిమీద నాకున్న కోపమంతా ఒక్క ముక్కలో చెప్పమంటే అదే చెబుతాను.

మా ఆయన ప్లీడరు. మామగారు కూడా ప్లీడరే, రిటైరయ్యారు. రిటైరయ్యారంటే కోర్టుకి వెళ్ళడం మానేశారని అర్థం, ఆఫీసుగదిలో కూర్చుని అందరి తప్పులూ పట్టడం మాత్రం మానలేదు. ఆ ఆఫీసు మా ఇంటి ముందుగదే. గుమాస్తా ఉన్నాడు, ఐదు కొట్టగానే లేచి వెళ్ళిపోతాడు, ఒంట్లో బాగోకపోతే రాడు. ఐదు తర్వాతా, అతను రాని రోజూ నేను. "కాస్త చూడు" అంటారు. వాయిదాల తేదీలు ఎక్కించడం, కాగితాలు స్కాన్ చెయ్యడం, క్లయింట్లకి మర్యాదగా జవాబులు రాయడం, ఆ క్లయింట్లే ఇంటికొస్తే కాఫీ ఇవ్వడం, వాళ్ళు వెళ్ళాక గ్లాసులు కడగడం, అన్నీ ఆ "కాస్త"లోకే వస్తాయి. "ఇంట్లో ఖాళీగానే ఉంటుంది, ఏదో సాయం చేస్తుంటుంది" అని మా ఆయన వాళ్ళకి నన్ను పరిచయం చేస్తే, నేను ట్రే పట్టుకుని నవ్వేదాన్ని.

పెళ్ళికి ముందూ, పెళ్ళయ్యాక ఓ ఏడాదీ నేను ఒక కంపెనీలో టెస్టర్‌గా పనిచేశాను. ఇతరులు రాసిన ప్రోగ్రాములు ఎక్కడ దెబ్బతింటాయో వెతికి పట్టుకోవడం నా ఉద్యోగం. అందులో నాకు మంచి పేరుండేది, ఈ మాట చెప్పుకోవడానికి నేనిప్పుడు సిగ్గుపడను. మా పై అధికారిని వెనకాల భూతద్దం మేడమ్ అనేవాళ్ళం, ఆవిడ కంటినుంచి ఏదీ తప్పించుకునేది కాదు. ఎవరైనా రిపోర్టులో "అప్పుడప్పుడు క్రాష్ అవుతోంది" అని రాస్తే కాగితం వెనక్కి తోసేసేది. "అప్పుడప్పుడు అనేది లేదమ్మా. మనకింకా తెలియని షరతేదో ఉంది, అంతే. వెళ్ళి అది పట్టుకురా" అనేది. అత్తగారి మోకాలి ఆపరేషన్‌కని నాలుగు నెలలు సెలవు పెట్టాను. ఆ నాలుగు నెలలు తొమ్మిదేళ్ళయ్యాయి. అత్తగారు ఇప్పుడు రోజూ మూడు మైళ్ళు నడుస్తారు.

ముందుగదిలో కంప్యూటర్ వైరస్‌లతో మూలుగుతుంటే మూడేళ్ళ క్రితం దానిమీద వైరస్‌లు అంతగా పట్టని లైనక్స్ పెట్టింది నేనే. మెయిల్ ప్రోగ్రాం కూడా నేనే పెట్టి, అందులో ఆఫీసు మెయిలూ నా మెయిలూ రెండూ కలిపాను. విడిగా నాకో కంప్యూటరెందుకన్నారు మా ఆయన. నా ఫోన్ అత్తగారు వాడి వదిలేసినది, మాట్లాడ్డానికి తప్ప పనికిరాదు. ఎనిమిది నెలల క్రితం ఒక మధ్యాహ్నం గిన్నెలు తోమి, చేతులు తుడుచుకుని, ఆ కంప్యూటర్ ముందు కూర్చుని భూతద్దం మేడమ్‌కి ఉత్తరం రాశాను. ఇంటినుంచి చేసే పనేదైనా ఉంటే చెప్పండి, చిన్నదైనా సరే అని. జవాబు రాలేదు. వారం చూశాను, నెల చూశాను. చివరికి మా ఆయనతో చెప్పుకున్నాను. "తొమ్మిదేళ్ళు వంటింట్లో ఉన్నదాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు చెప్పు? మనసులో పెట్టుకోకు" అని తల నిమిరారు. ఆ రాత్రి అన్నంలో ఆయనకి నెయ్యి కాస్త ఎక్కువే వేశాను, అంత మంచిగా ఓదార్చినందుకు.

ఆ మెయిల్ ప్రోగ్రాం ఉన్నట్టుండి పడిపోయే జబ్బు కూడా అప్పటినుంచే. పని చేస్తూ చేస్తూ తెరమీంచి మాయమవుతుంది. మళ్ళీ తెరిస్తే ఏమీ ఎరగనట్టు పనిచేస్తుంది. ఇంట్లో తలొక సిద్ధాంతం. మామగారి లెక్కలో వంటింట్లో మిక్సీ వెయ్యడం వల్ల. "అమ్మాయ్, మెయిల్ తెరిచి ఉన్నప్పుడు పచ్చడి పెట్టుకోకు" అనేవారు. అత్తగారు "అది ముట్టుకున్న వస్తువు బతికి బట్టకట్టదు" అని నేను వింటుండగానే అనేవారు. మా ఆయన సంగతి వేరు. "ఆ లైనక్స్ ఏదో నువ్వే పెట్టావ్, నువ్వే అవస్థ పడు. నాకివేమీ తెలియవు తల్లీ. తెరవడం, మూయడం, అంతే నాకొచ్చు." ఆ తెలియకపోవడాన్ని ఆయన ఏదో బిరుదులా చెప్పుకునేవారు. ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చెయ్యాలన్నా నన్నే పిలిచేవారు. నేను నమ్మాను. పెద్ద పెద్ద కేసులు వాదించే మనిషికి ఇంత చిన్న పని రాదంటే ముచ్చటపడ్డాను కూడా.

ఐదు నెలల క్రితం పాత డైరీ ఒకటి తీసి రాయడం మొదలుపెట్టాను. ప్రోగ్రాం పడిపోయిన ప్రతిసారీ తేదీ, టైము, అప్పుడు ఇంట్లో ఎవరేం చేస్తున్నారు, మిక్సీతో సహా. మిక్సీ నిర్దోషి అని రెండు వారాల్లో తేలింది. నల్ల కిటికీ ఒకటుంటుంది, టెర్మినల్ అంటారు. ప్రోగ్రామ్‌ని అందులోంచి మొదలుపెడితే పడిపోయే ముందు ఆఖరిగా ఏం చేస్తోందో ఆ కిటికీలో రాసి పోతుంది. "దయచేసి అందులోంచే తెరవండి" అని మా ఆయనకి కాగితం మీద రాసి బల్లకి అంటించాను. ఆ కాగితం మీద ఆయన కాఫీ కప్పు పెట్టుకునేవారు. నేను తెరిచిపెట్టిన కిటికీ మూసేసి, మామూలుగా బొమ్మ నొక్కి తెరిచేవారు. అలా ఎన్ని క్రాష్‌లు వృథాగా పోయాయో.

నిన్న మధ్యాహ్నం డైరీ ముందేసుకుని కూర్చుంటే తోక చిక్కింది. పధ్నాలుగు సార్లు పడితే పన్నెండు సార్లు మంగళవారం, అదీ పది గంటలప్పుడు. అలాగని ప్రతి మంగళవారమూ కాదు. పడని మంగళవారాల ఎదురుగా నా రాతే ఉంది: "మామగారికి పాత భూమి కేసు తీసిచ్చాను", "మామగారు పాత తీర్పు అడిగారు". మామగారి పాత కేసులన్నీ స్కాన్ చేసి విడిగా ఒక పాత డిస్కులో పెట్టాం, దానికి మూసిన కేసులు అని పేరు. పావుగంట ఎవరూ ముట్టుకోకపోతే ఆ డిస్కు నిద్రపోతుంది, లేవడానికి చాలాసేపు పడుతుంది. అంటే డిస్కు మేలుకుని ఉన్న రోజు ప్రోగ్రాం పడిపోవడం లేదు, నిద్రలో ఉన్న రోజు పడిపోతోంది. పడిపోయే ముందు తట్టిన తట్టుకి డిస్కు లేస్తుంది కాబట్టి రెండోసారి తెరిస్తే బాగానే ఉంటోంది. ఇంతవరకూ అర్థమై ఎంత సంతోషించానో చెప్పలేను, తొమ్మిదేళ్ళలో అంత సంతోషం నాకు ఈ ఇంట్లో కలగలేదు. ఒక్కటే మిగిలింది. మంగళవారం పదింటికి మెయిల్ ప్రోగ్రామ్‌కి మూసిన కేసులతో పనేమిటి?

ఇవాళ మంగళవారం. తెల్లారే లేచి టెర్మినల్ లోంచి నేనే తెరిచిపెట్టి, నల్ల కిటికీని వెనక్కి దాచి, ఎవరికీ చెప్పకుండా బీన్స్ ముందు కూర్చున్నాను. పది దాటాక కేక వినపడింది.

"పన్నెండింటిలోగా పిటిషన్ వెళ్ళకపోతే కొంపలంటుకుంటాయి. ఇవాళే పోవాలా ఇది?" నల్లకోటు వేసుకుని నిలబడి ఉన్నారు మా ఆయన. మామగారు కిటికీ దగ్గర కుర్చీలో పేపరు చదువుతున్నారు. గుమాస్తా సెలవు.

నేను కూర్చుని దాచిన కిటికీని ముందుకి తెచ్చాను. ఆఖరి వరుసలో ఒక ఫిల్టర్ పేరుంది. ఫిల్టర్ అంటే వచ్చే ఉత్తరాలు ఏవి ఎక్కడికి పోవాలో ప్రోగ్రామ్‌కి మనం ఇచ్చే ఆజ్ఞ. నేను పెట్టినవి నాలుగు, నాలుగూ నాకు కంఠతా వచ్చు. ఇది ఐదోది. పేరు "ఇతరాలు". ప్రోగ్రాం మళ్ళీ మొదలుపెట్టి ఆ ఫిల్టర్ తెరిచి చూశాను. నా పాత కంపెనీ నుంచి ఏది వచ్చినా, చదివేసినట్టు గుర్తుపెట్టి, మూసిన కేసుల్లో ఇతరాలు అనే అరలోకి పంపించమని ఆజ్ఞ.

ఆ అరలో ముప్ఫైఏడు ఉత్తరాలున్నాయి.

మొదటిది నేను రాసిన మర్నాటిది. "నువ్వు రాస్తావని తొమ్మిదేళ్ళ నుంచి చూస్తున్నాను. ఇంటినుంచి చేసే పని ఉంది. ప్రతి మంగళవారం పదింటికి పనుల జాబితా పంపుతాం, నీ పేరు చేర్చాను" అని మేడమ్. తర్వాత వారం వారం జాబితాలు, మంగళవారం, పది గంటలు. మధ్యలో మేడమ్ సొంతంగా రాసినవి రెండు, నా డైరీలో మంగళవారం కాని ఆ రెండు రోజులవి. "జవాబు లేదేం? ఒంట్లో బాగానే ఉందా?" అని ఒకటి. అది చదివినప్పుడు ఏడుపొచ్చింది, కానీ ఏడవలేదు. నన్ను మరిచిపోయారనుకుని నేను ఆవిణ్ణి మనసులో ఎన్ని మాటలన్నానో. ఆఖరిది ఇందాకే వచ్చింది. "ఒక స్థిరమైన ఉద్యోగం ఖాళీ అయింది. నీకే ఇద్దామని పట్టుబడుతున్నాను, పైవాళ్ళు తొమ్మిదేళ్ళ ఖాళీ చూసి సందేహిస్తున్నారు. ఈమధ్య నువ్వు పట్టుకున్న తప్పు ఏదైనా ఒకటి, ఎంత చిన్నదైనా, మన పద్ధతిలో రిపోర్టు రాసి ఇవాళ సాయంత్రంలోగా పంపు. ఇదే ఆఖరిసారి రాయడం."

"బాగైందా?" అన్నారు మా ఆయన.

"ఇది మీరు పెట్టారా?"

ఆయన తెర వైపు చూసి, కళ్ళజోడు తీసి కోటు అంచుతో తుడుచుకున్నారు. "నీ మంచికే. అమ్మకి ఓపిక లేదు, నాన్నగారు పెద్దవారు. ఉత్తరం చూస్తే నీ మనసు నిలవదు, ఇల్లు చెల్లాచెదురవుతుంది. అంతా ఆలోచించే పెట్టాను."

"ఫిల్టర్ పెట్టడం మీకెవరు నేర్పారు?"

"అదేం బ్రహ్మవిద్యా? చూస్తే తెలుస్తుంది."

ముప్ఫైఏడు ఉత్తరాలు దాచినందుకు వచ్చినదానికన్నా ఆ మాటకి వచ్చిన కోపం ఎక్కువ. చూస్తే తెలుస్తుందట. తొమ్మిదేళ్ళుగా ఆయనకి తెలియనివన్నీ నా నెత్తిన పడ్డాయి. వాషింగ్ మెషీన్‌లో ఏ బటన్ నొక్కాలో తెలియదు, అత్తగారి మందులు ఏ పూటవో తెలియదు, గ్యాస్ ఎక్కడ కట్టెయ్యాలో తెలియదు. వీటిలో ఒక్కటైనా ఆయన చూడలేదు, చూస్తే తెలిసిపోతుందని. నా ఉత్తరాలు ఆపాల్సి వచ్చినప్పుడు మాత్రం చూశారు, నేర్చుకున్నారు, ఒక్క తప్పు లేకుండా చేశారు.

"అయినా ఒక్కటైనా చెరిపానా?" అన్నారు, కోర్టు గొంతుతో. "చూసుకో. అన్నీ భద్రంగా ఉన్నాయి."

మామగారు పేపరు మడిచారు. "వాడు చెరిపేస్తానంటే నేనే వద్దన్నానమ్మాయ్. కాగితం ఎంత పనికిరానిదైనా ధ్వంసం చెయ్యకూడదు, ఫైల్ చేసి పెట్టు అన్నాను" అని, నేను కృతజ్ఞత చెప్తానన్నట్టు చూశారు.

నాకు నవ్వొచ్చింది, మంచి నవ్వు కాదది. చెరిపేసి ఉంటే ఈ ప్రోగ్రాం ఎప్పుడూ పడిపోయేది కాదు, నాకెప్పటికీ తెలిసేది కాదు. తండ్రీ కొడుకులు నా జీవితాన్ని మూసేశారు సరే, ప్లీడర్ల బుద్ధి మానుకోలేక దాన్ని తేదీలతో సహా ఫైల్ చేశారు.

"బీన్స్ అలాగే వదిలేశావ్, పొయ్యిమీద నీళ్ళు ఇంకిపోతున్నాయి" అని లోపల్నుంచి అత్తగారు.

"కట్టెయ్యండి అత్తయ్యా" అని, కొత్త ఉత్తరం తెరిచి రాయడం మొదలుపెట్టాను. వేళ్ళు మొదట తడబడ్డాయి, రెండో వాక్యానికి దారిలో పడ్డాయి.

లోపం: మెయిల్ ప్రోగ్రాం ఉన్నట్టుండి పడిపోవడం. ఎప్పుడు: ఒక ఫిల్టర్ ఉత్తరాన్ని నిద్రలో ఉన్న డిస్కుకి తరలించబోయినప్పుడు. ఎన్నిసార్లు చూశాను: పదిహేను, తేదీలు జతచేశాను. ఏం జరగాలి: నాకు వచ్చిన ఉత్తరం నాకు చేరాలి. ఏం జరిగింది: నా భర్త నాకు తెలియకుండా పెట్టిన ఫిల్టర్ వల్ల ఎనిమిది నెలలుగా ఒక్కటీ చేరలేదు. ప్రోగ్రాం తప్పు: డిస్కు లేచేదాకా ఆగకపోవడం. మిగతా తప్పు ప్రోగ్రామ్‌ది కాదు. కింద ఒక్క వరుస విడిగా రాశాను: "మేడమ్, షరతు దొరికింది. సోమవారం నుంచి రాగలను, ఆఫీసుకే వస్తాను."

మా ఆయన నా భుజం మీదుగా చదువుతున్నారు. "ఇదంతా బయటివాళ్ళకి రాస్తావా? ఇంటి సంగతి బజార్న పెడతావా? ముందు అది మూసెయ్. నా పిటిషన్ పంపు, టైమవుతోంది. మనం తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం."

నేను నొక్కాను.

"ఏం నొక్కావ్?" ఆయన తెర మీదకి వంగారు. "ఏయ్, ఏం నొక్కావ్?"

తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబుంది. కుర్చీలోంచి లేచి ఆయనకి దారి ఇచ్చాను.

"పంపు అని ఉంటుంది, అది నొక్కాను. మీ పిటిషన్ పక్కనే ఉంది. చూస్తే తెలుస్తుంది."