కల్లం కాడికి రాని బిడ్డ

లసుమవ్వకు వాడకట్టుల ఇజ్జత్ పోతున్నట్టే ఉంది. పసుపు తవ్వే దినాలు. ఊరంత చేన్లల్ల ఉంటే, ఆమె బిడ్డ పూజిత పట్టపగలు గోడకు కాళ్లెత్తి మంచంల పండుకుంటున్నది.

అట్లని పూజిత ఆషామాషీ పిల్ల కాదు. చిన్నప్పుడు పక్కన కూసొని బీడీలు చుట్టమంటే ఒక్క కట్ట గాకముందే లేచి ఉరికేది. పెర్కిట్ రోడ్డు మీద గా ఉరుకుడు చూసి పీటీ సారు స్పోర్ట్స్ హాస్టల్‌ల ఏసిండు. ఆన్నుంచి జిల్లా, రాష్ట్రం దాటి నేషనల్ మారథాన్‌ల మెడల్ కొట్టింది. రైల్వేల నౌకరీ వచ్చింది. వచ్చే ఆదివారం ఢిల్లీల గెలిస్తే దేశం తరఫున బయటి దేశం పోతది. లేకుంటే ఇన్నేండ్ల కష్టం మళ్ల మొదటికే. అందుకే కోచ్ సారు, "ఇంటికి పో, మంచిగ తిను, కాళ్లకు పని చెప్పకు" అని పంపిండు.

గిది ఎవలకు సమజైతది? పక్కింటి కనకవ్వ, "పిల్లకు పానం బాగలేదా?" అనంగనే లసుమవ్వ "జ్వరమక్కా" అనేసింది. ఇంకేముంది! కనకవ్వ తాయెత్తు తెచ్చి కట్టింది, ఇంకొకామె మిరియాల చారు తెచ్చింది.

"అబద్ధమెందుకే అమ్మా? రెస్ట్ అని చెప్పు," అని పూజిత నవ్వింది.

"రెస్టంట రెస్టు! పసుపు తవ్వ కైకిలోళ్లు దొరకక మీ నాయిన చస్తుంటే!" లసుమవ్వ గయ్యిమన్నది.

తెల్లారితే పయనమనంగ, పొద్దుగూకె యాళ్లకు వాన మొగులైంది. ఉడకబెట్టిన పసుపంత కల్లంల ఆరబోసి ఉంది. తడిస్తే రంగు పోతది, మార్కెట్ యార్డుల ఎవ్వలు దాని దిక్కు చూడరు. మొగడు భూమేష్ అప్పటికే కల్లం కాడికి ఉరికిండు. లసుమవ్వ టార్పాలిన్ అందుకునేసరికి పూజిత మంచం దిగింది.

"నేనొస్తున్నమ్మా, పా."

ఇంకో రెండు చేతులు తోడైతే పంట దక్కుతది. 'రా బిడ్డా' అనే మాట లసుమవ్వ నోటిదాక వచ్చింది. కాని గా బురదల టార్పాలిన్ గుంజంగ కాలు మడతబడితే? బిడ్డను లోపలికి నూకి, బయట గొళ్లెం పెట్టింది. పూజిత తలుపు బాదింది, తిట్టింది, ఏడ్చింది. లసుమవ్వ ఆగలే.

వాన దంచి కొట్టింది. మొగడు పెండ్లాం సగం కప్పేసరికి సగం తడిసింది.

పక్క కల్లం నుంచి కనకవ్వ అరిచింది. "ఎంత జ్వరముంటే మాత్రం! ఓ చెయ్యి ఎయ్యద్దా? ఏడున్నదే నీ బిడ్డ?"

లసుమవ్వ మొఖం మీది నీళ్లు తుడుచుకున్నది. "జ్వరం లేదు, గిరం లేదక్కా. ఆదివారం అది ఉరకాలె. నేనే లోపలేసి గొళ్లెం పెట్టొచ్చిన."

భూమేష్ తడిసిన పసుపు దిక్కు చూసిండు, పెండ్లాం దిక్కు చూసిండు.

"గట్టిగ పెట్టినవా?" అన్నడు. "అది గోడ దుంకే రకం."