మేనేజరు వాటా

తన మాంసం కొట్టులో అతను కత్తిని సానరాయికి రాసి, గొర్రె కార్జాన్ని అరచేతిలో వేసుకుని వెలుతురుకు తిప్పాడు. అంచున ద్రాక్షపండంత నీటిబుడగ. ఇన్నేళ్లూ అలాంటి ముక్క కోసి, చూడకుండానే గుమ్మం వైపు విసిరేవాడు. కుక్క గాల్లోనే అందుకునేది. పొద్దస్తమానం కూర్చుని అందరి పనీ చూస్తుంది కాబట్టి దానికి మేనేజరని పేరు పెట్టాడు.

ఈరోజు విసరలేదు. చేతికి రబ్బరు తొడుగు వేసుకుని బుడగను సాసర్లో కోశాడు. నీళ్ల అడుగున తెల్లటి సన్నని ఇసుక! ఎన్ని వేల కార్జాలు కోశాడో, ఒక్కసారైనా లోపలికి తొంగిచూసిన పాపాన పోలేదు.

కిడ్నీలు చెడిపోయిన అతనికి అక్క కిడ్నీ పెడదామని తీసిన స్కానింగులో అతని కార్జంలోనూ ఇలాంటి బుడగే కనిపించింది, నిమ్మకాయంత. మార్పిడి తర్వాత వాడే మందులు రోగాల్ని తట్టుకునే ఒంటి శక్తిని అణిచేస్తాయనీ, ముందు బుడగ సంగతి తేలాలనీ డాక్టరు చెప్పాడు. అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇతనికేమో అది తనలోకెలా దూరిందో తెలుసుకోవాలని ఒకటే ఆరాటం. బుడగలోని ఇసుక కుక్క పేగుల్లో పురుగులవుతుందట. వాటి గుడ్లు పెంటలోంచి బొచ్చుకూ, నిమిరిన చేతికీ, అక్కణ్ణుంచి నోటికీ చేరతాయట.

"మేపింది నేనే, మింగిందీ నేనే అన్నమాట!" అని పగలబడి నవ్వాడు.

"ముందా కుక్కని తరిమెయ్ రా," అంది గల్లా దగ్గర కూర్చున్న అక్క.

"దాన్నెందుకే అనడం? వాటా పంచింది నేను. దాని కడుపులో పురుగులు పోయే మందు కూడా వేయించాగా."

సాసర్లోదంతా కొత్తగా కొన్న మూత బకెట్లో పడేశాడు. మేనేజరు జీతం కోసేసినట్టు చూసింది. తొడుగు కడిగి బకెట్టు పిడికి తగిలించాడు.

"నా బుడగ తీశాక ఓసారి చూపించమంటానే అక్కా. ఇసుకుంటుందో లేదో."

"చూద్దువుగాని. నా కిడ్నీ ఎక్కడికీ పోదులే, డయాలసిస్‌కి టైమవుతోంది, పద."

ఆ మధ్యాహ్నం యంత్రం తిరుగుతుండగానే అతని గుండె ఆగిపోయింది. ఇద్దామనుకున్న కిడ్నీతోనే అక్క ఇంటికి తిరిగొచ్చింది.

కొన్నాళ్లకు కొట్టు తెరిచి తానే కత్తి పట్టింది. తొలి కార్జంలోనే బుడగ. తమ్ముడిలాగే చెయ్యి గుమ్మం వైపు లేచింది, మేనేజరు లేచి నిలబడింది. అతను గుర్తొచ్చి దుఃఖం ముంచుకొచ్చింది. "నీక్కాదే," అని బకెట్టు మూత తీసింది.

పిడికి తగిలించిన రబ్బరు తొడుగు అతని వేళ్ల వంపుతోనే ఎండిపోయి ఉంది.