ఎర్ర బండి బెల్టు

"ముందు ఆ గోళ్ళు కడుక్కో. ఆ మసి చేత్తో కప్పులందిస్తే వచ్చినవాళ్ళేమనుకుంటారు?" అంది అత్తగారు.

ఆమె సింకు దగ్గరికెళ్ళి మళ్ళీ సబ్బు రుద్దుకుంది. పొద్దున పట్టిన మసి సాయంత్రమైనా గోటి అంచుల్లోంచి కదలదు. ఆ మసి ఎక్కడిదో అత్తగారికి తెలియక కాదు, చెప్పుకోవడం ఇష్టం లేక.

ఇంటి ముందుగదే భర్త మోటార్‌సైకిళ్ళ షెడ్డు. ఇంజనులో గొలుసుకు బదులు పళ్ళున్న రబ్బరు బెల్టు తిరిగే పెద్ద బండ్లకు అందరూ ఆయన పేరే చెబుతారు. ఆ బెల్టు బిగువు చూడాల్సింది ఇంజను పూర్తిగా చల్లారాక, రాత్రంతా కదలకుండా నిలబడిన బండికి. అందుకే రోజూ పొద్దున్నే పాలు సన్నని మంట మీద పెట్టి, షెడ్డులోకి వెళ్ళి ఆ పని చూసేది ఆమె.

పెళ్ళయిన కొత్తలో "కాస్త టార్చి పట్టుకో" అన్నాడు. టార్చి పట్టుకున్న మనిషి వెలుగు పడినచోటు కాక ఇంకేం చూస్తుంది? చూస్తూ చూస్తూ నేర్చుకుంది. తర్వాత "నీ వేళ్ళు సన్నం, సందులో దూరతాయి" అన్నాడు. ఆ తర్వాత ఏమీ అనడం మానేశాడు. కూర ఎవరు వండారని ఇంట్లో ఎవరూ అడగరు. ఇదీ ఆ వరసలోనే కలిసిపోయింది. వేడికి లోహం వ్యాకోచిస్తుందని డిగ్రీ పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకుంది. ఆ చదువు అక్కరకొచ్చింది ఈ షెడ్డులోనే, అదీ ఎవరి కంటా పడకుండా.

టీ ట్రే పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి ఎర్ర బండాయన స్నేహితుడితో కూర్చుని ఉన్నాడు. ఇక్కడ అందరూ బండి పేరుతోనే చలామణీ.

"గురూ, నీ చెయ్యి పడ్డాక నా బండి పిల్లిలా నడుస్తోంది. ఆ బెల్టు ఎలా బిగిస్తావో ఒక్కసారి కళ్ళారా చూపించు. బ్రేకు ప్యాడ్లు కూడా మార్చి ఉంచు. పొద్దున్నే వచ్చి తీసుకెళ్తా. అమ్మాయిని వెనక కూర్చోబెట్టుకుని కొండదారిలో హాస్టలుకి పోవాలి."

భర్త ఉత్సాహంగా స్పానరు తీశాడు. బండి అప్పుడే ఆగింది. ఇంజను సెగ ఆమె పాదాలకు తగులుతోంది.

"ఏమండీ, ఇంజను ఇంకా వేడిగా..."

"నువ్వు ఆ టీ చల్లారకుండా చూడు. ఇంజను సంగతి నేను చూసుకుంటా."

అందరూ నవ్వారు. "మా ఇంట్లోనూ ఇంతే గురూ, అన్నిట్లోనూ వేలు పెడతారు" అన్నాడు స్నేహితుడు. ఆ నవ్వును ఆమె ఎలాగో మింగేసేది. కానీ భర్త తనవైపు చూసిన చూపు, దారి తప్పి షెడ్డులోకి వచ్చిన మనిషిని చూసినట్టున్న ఆ చూపు, కప్పులు కడుగుతున్నంతసేపూ వదల్లేదు.

తెల్లారి పాలు పొయ్యిమీద పెట్టి ఎర్ర బండి దగ్గరికి వెళ్ళింది. మూత విప్పి, బెల్టుకూ దాన్ని ఒత్తిపట్టే చిన్న చక్రానికీ మధ్య ఆరు పలకల సన్నని ఇనప పుల్ల, ఎలెన్ కీ, దూర్చింది. బిగువు సరిగ్గా ఉంటే, వేలి కణుపు దాటే ఉంగరంలా అది కొంచెం పట్టి కొంచెం జారాలి. ఇప్పుడు ఎక్కడా పట్టలేదు. వేడికి ఉబ్బిన ఇంజను మీద నిన్న ఆయన బిగించినప్పుడు సరిపోయిన బెల్టు చల్లారాక వదులైపోయింది. ఇలాగే స్టార్టు చేస్తే ఒక్క పన్ను జారినా చాలు, ఇంజను పట్టేస్తుంది. అదీ కొండ మలుపులో, వెనక ఒక ఆడపిల్ల.

అలవాటుగా చెయ్యి స్పానరు మీదికి పోయింది. ఇప్పుడు తను సర్దేస్తే బండి బాగుంటుంది, ఆయన పేరూ బాగుంటుంది. సాయంత్రం ఇంకెవరో వచ్చి ఆ చేతిని మెచ్చుకుంటారు, తను గోళ్ళు కడుక్కుంటుంది. ఎన్నిసార్లు ఇలా ఆయన్ని ఆయన నుంచే కాపాడుకుంటూ వచ్చిందో! స్పానరు కింద పెట్టింది. బండి తాళంచెవి తీసి గుప్పిట్లో పట్టుకుంది.

మాడు వాసన వచ్చింది. "గిన్నె నల్లబడిపోయింది! ఎక్కడ చచ్చావే!" అని లోపల్నుంచి అత్తగారు. నోట్లో బ్రష్షుతో భర్త వచ్చాడు.

"పాలు పొయ్యిమీద పెట్టి ఇక్కడేం చేస్తున్నావు?"

ఆమె ఎలెన్ కీని సందులో పెట్టి వదిలేసింది. అది జారి నేలమీద ఖంగున పడింది. ఆయన మొహంలో రంగు మారింది. వీధివైపు చూసి, గొంతు తగ్గించాడు.

"సరే, అయిందేదో అయింది. ఆయనొచ్చేలోపు బిగించెయ్. నీకెంతసేపు?"

ఆ పని ఆమెదని ఇన్నేళ్ళలో ఆయన నోటివెంట మాట రావడం ఇదే మొదలు. అదీ గుసగుసగా. గెలిచినట్టేమీ అనిపించలేదు.

గేటు చప్పుడైంది. ఎర్ర బండాయన, వెనకే సంచీ మోసుకుంటూ అతని కూతురు.

"తొందరగా! నువ్వు లోపలికన్నా పో, మూత నేను పెట్టేస్తా. తాళం ఏదీ?"

"నా దగ్గరుంది" అంటూ ఆమె స్టూలు లాక్కుని బండి పక్కన కూర్చుంది. వచ్చేవాళ్ళకు వినబడేలాగే అంది:

"నిన్న వేడి మీద మీరు బిగించిన బెల్టు వదులైపోయిందండీ. రోజూలాగే నేనే బిగిస్తాను, వాళ్ళనీ చూడనివ్వండి. మీరు కాస్త టార్చి పట్టుకోండి."