కిలోకి లోపే

టీచరమ్మ కొన్న లాప్‌టాప్ ఇంటికొచ్చి వారం కావస్తోంది. అయినా అదింకా ఆమెది కాలేదు. ఆ ఇంటి పద్ధతి అలాంటిది. గుమ్మం దాటి వచ్చిన ఏ వస్తువైనా ముందు ఆమె భర్త పెట్టే పరీక్ష నెగ్గాలి. ఆయన తూనికలు కొలతల శాఖలో ముప్ఫై రెండేళ్లు ఇన్‌స్పెక్టరుగా చేసినవాడు. రిటైరై పద్నాలుగేళ్లయింది, ఉద్యోగం ఆయన్ని వదిలేసింది గానీ ఆయన దాన్ని వదల్లేదు. గోడ గడియారం రోజుకి నాలుగు సెకన్లు వెనకబడుతోందని తిరిగి పంపేశాడు. ఇస్త్రీపెట్టె తీగ చెప్పినదానికన్నా రెండంగుళాలు తక్కువుందని దాన్నీ సాగనంపాడు. ఈసారి టీచరమ్మే తొందరపడి, "పరీక్షలో తప్పితే నా చేత్తో నేనే వెనక్కిచ్చేస్తాను" అని మొదటిరోజే అనేసింది. లెక్కల టీచరుగా బతికిన మనిషి, మాటంటే మాటే. ఎందుకన్నానా అని ఆనాటి నుంచీ నాలుక కరుచుకుంటోంది.

ఆమెకి ఈ లాప్‌టాప్ కావాలి. మామూలుగా కాదు, చాలా కావాలి. రోజూ సాయంత్రం ఐదింటికి పదకొండుమంది పిల్లలకి లెక్కలు చెబుతుంది. ఇంతకాలం ఫోన్లో చెప్పింది. అందులో పదకొండు ముఖాలూ మందుబిళ్లల సైజులో కనబడతాయి, ఎవరికి అర్థమైందో ఎవరు ఆవలిస్తున్నారో తెలిసి చావదు. పాత కంప్యూటర్ ఒకటుంది గానీ దాన్ని కదపాలంటే ఇంటిల్లిపాదీ నడుం బిగించాలి. ఆమెకేమో మణికట్టు నొప్పి. అందుకే మరీ ఖరీదు లేకుండా, పలచగా, ఒంటిచేత్తో ఎత్తి వంటగదికో వరండాలోకో పట్టుకెళ్లగలిగేది కావాలని రెండు నెలలు వెతికింది. 'కిలోకి లోపే' అన్న ప్రకటన చూసి మనసు పారేసుకుంది.

మొదటి ఐదు రోజులూ అంతా సవ్యంగానే నడిచింది. మొదటిరోజు ఇన్‌స్పెక్టరు వెర్నియర్ కాలిపర్స్‌తో నాలుగు మూలలా మందం కొలిచాడు. రెండోరోజు మూత వందసార్లు తెరిచి మూశాడు. డెబ్భై మూడోసారి ఫోన్ మోగి లెక్క తప్పేసరికి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. మూడోరోజు బ్యాటరీ తొమ్మిది గంటలు నిలుస్తుందో లేదో చూడ్డానికి పొద్దున్నే దానికెదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. భోజనం కూడా అక్కడికే తెప్పించుకున్నాడు. ఎనిమిదో గంటలో ఆయనకే ఓపిక అయిపోయి గురక మొదలైంది, లాప్‌టాప్ మాత్రం వెలుగుతూనే ఉంది. నాలుగోరోజు దాని అడుగున జ్వరం చూసే థర్మామీటరు పెట్టి, "తొంభై తొమ్మిది. కాస్త ఒళ్లు వెచ్చబడింది, అంతే" అని తేల్చాడు.

ఐదోరోజు కెమెరా ముందు కూర్చున్నాడు.

"ముఖం చిరాగ్గా పడుతోందే" అన్నాడు.

"ముప్ఫై నాలుగేళ్లుగా నాకూ అలాగే కనబడుతోంది. కెమెరా తప్పేం లేదు" అంది టీచరమ్మ.

ఆయన నోటుపుస్తకంలో 'కెమెరా: కచ్చితం' అని రాసుకున్నాడు.

ఆరోరోజు ఆదివారం. ఇన్‌స్పెక్టర్లకి సెలవు.

ఇక ఏడోరోజు తూకం. వెనక్కివ్వడానికి గడువు కూడా ఆ రోజుతోనే సరి. ఇన్‌స్పెక్టరు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బీరువాలోంచి చెక్కపెట్టె దించాడు. రిటైరైన రోజు ఆఫీసువాళ్లు కానుకిచ్చిన ఇత్తడి తూకపు రాళ్లు అందులో ఉంటాయి. ఆ ఇంట్లో వాటికున్న మర్యాద మనుషులకి లేదు. ప్రతి శనివారం టీచరమ్మ వాటిని పొడి వేసి తోమాలి, ఆయన పక్కన కూర్చుని "ఇంకా గట్టిగా" అంటుండాలి. మొన్న శనివారం కూడా తోమింది. కిలో రాయి తళతళా మెరిసిపోతోంది.

త్రాసులో ఒకవైపు లాప్‌టాప్, మరోవైపు కిలో రాయి పెట్టాడు. లాప్‌టాప్ వైపే మొగ్గింది. ఆయన పది గ్రాముల బిళ్ల వేశాడు, చాల్లేదు. ఇంకో ఐదు వేశాక ముల్లు నిలబడింది.

"వెయ్యీ పదిహేను. అట్టపెట్టె మీదేమో తొమ్మిది వందల తొంభై అని అచ్చేశారు. ఇరవై అయిదు గ్రాములు తేడా."

"ఎక్కువే ఇచ్చారుగా. పోనివ్వండి" అంది టీచరమ్మ.

ఇన్‌స్పెక్టరు కాసేపు అయోమయంలో పడ్డాడు. ఆయన సర్వీసు మొత్తంలో ఎక్కువ తూచి ఇచ్చినవాడు ఒక్కడూ తగల్లేదు. "వీళ్లని ఏ సెక్షను కింద పెట్టాలో తెలియడం లేదు" అని గొణిగి, చివరికి తల అడ్డంగా ఊపాడు. "కిలోకి లోపే అన్నారు, కిలో దాటింది. తప్పింది."

"నాకిది కావాలండీ." ఆమె లాప్‌టాప్‌ని త్రాసులోంచి తీసుకుంది. "ఇరవై అయిదు గ్రాములంటే కోడిగుడ్డులో సగం. దానికోసం పంపించేస్తారా?"

"నాకూ బాగానే నచ్చింది. నచ్చడం వేరు, తూకం వేరు. ఈ రాయి అబద్ధం చెప్పదు."

ఇచ్చిన మాట మాటే. దుకాణానికి ఫోన్ చేసింది, చార్జరు తీగ చుట్టింది, మూత మీద పడిన వేలిముద్రలు తన కొంగుతో తుడిచింది. తుడుస్తుంటే ఏడుపొచ్చింది. లాప్‌టాప్ కోసం ఏడవడమేమిటని తనమీద తనకే కోపం కూడా వచ్చింది.

నాలుగింటికి కొరియర్ అతను వచ్చాడు. మీసాలు నెరిసిన మనిషి. తిరిగిచ్చే వస్తువుని ముందు తూచి రాసుకోవాలట, సంచిలోంచి పళ్లెమంత ఎలక్ట్రానిక్ మిషన్ తీసి లాప్‌టాప్‌ని దానిమీద పెట్టాడు.

"తొమ్మిది వందల తొంభై" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు కళ్లు పెద్దవయ్యాయి. ఎన్నాళ్లకో దొంగ తూకం ఒకటి నడుచుకుంటూ తన గుమ్మంలోకే వచ్చింది. "మీ మిషన్ తప్పు" అన్నాడు సంబరంగా.

"మొన్ననే మీ శాఖవాళ్లు చూసి సీలేశారు సార్." అతను మిషన్ తిప్పి చూపించాడు. సీలు ఈ ఏడాదిదే.

సీలుని కాదనడం ఆయన రక్తంలో లేదు. వెళ్లి కిలో రాయి తెచ్చి మిషన్ మీద పెట్టాడు. తొమ్మిది వందల డెబ్భై అయిదు. తీసి, తుడిచి మళ్లీ పెట్టాడు. తొమ్మిది వందల డెబ్భై అయిదే. ముచ్చటగా మూడోసారి ఊపిరి బిగబట్టి పెట్టాడు. మిషన్ చలించలేదు.

టీచరమ్మ తన రెండు అరచేతుల వంకా చూసుకుంది. "ఏవండీ, పద్నాలుగేళ్లుగా శనివారం శనివారం దీన్ని నాచేత తోమిస్తున్నారు."

"మెరవాలని తోమించాను."

"మెరిసింది. మెరిసి మెరిసి ఇరవై అయిదు గ్రాములు అరిగింది."

ఇన్‌స్పెక్టరు తెల్లకాగితం తెచ్చుకుని, తక్కువ తూగే రాయిని ఇంట్లో ఉంచుకున్నందుకు తన దగ్గర్నుంచి తానే దాన్ని జప్తు చేస్తున్నట్టు రాశాడు. సాక్షి సంతకం పెట్టమన్నాడు.

"నాకింకా పదహారు ఇళ్లున్నాయి సార్" అంటూనే కొరియర్ అతను పెట్టాడు. "మరి ఇది తీసుకెళ్లాలా, వద్దా?"

ఇన్‌స్పెక్టరు లాప్‌టాప్‌ని రెండు చేతులా ఎత్తి భార్యకి అందించాడు. "నెగ్గింది. కిలోకి లోపే."

ఆమె దాన్ని గుండెకి హత్తుకుంది. అంత సంతోషంలోనూ లెక్కల బుర్ర ఊరుకోలేదు. "ఆ గోడ గడియారాన్ని దేంతో పోల్చి తప్పన్నారు?"

"నా చేతి గడియారంతో."

"దాన్నెప్పుడైనా ఎవరికైనా చూపించారా?"

ఆయన చొక్కా చేతిని మణికట్టు మీదికి లాక్కున్నాడు.

ఐదింటికి వరండాలో, ఒళ్లో లాప్‌టాప్‌తో పాఠం మొదలైంది. పదకొండు ముఖాలూ స్పష్టంగా కనబడుతున్నాయి. ఒకడు ఆవలిస్తున్నాడు, ఒక పిల్లకి ముందు పన్ను ఊడింది. ఇవన్నీ ఇన్నాళ్లూ చూడలేదే అని ఆమెకి కడుపు నిండిపోయింది. గొంతు సవరించుకుని తేలికైన ప్రశ్నతో మొదలుపెట్టింది.

"కిలోకి ఎన్ని గ్రాములు?"

"వెయ్యి" అన్నారు పదకొండుమందీ.

వెనక మూలన, జప్తు చేసిన రాయిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పెద్దమనిషి నెమ్మదిగా అందుకున్నాడు.

"తోమకపోతే."