ఎవరి తరపున

రాష్ట్ర శాసనసభలో మా కమిటీ గదిలో నా కుర్చీ చైర్మన్‌కు ఎడమ పక్కన ఉంటుంది. నా ముందు ఒక చిన్న పెట్టె, దాని మీద మూడు దీపాలు. పచ్చది వెలిగితే మాట్లాడాలి, పసుపుది వెలిగితే ముగించుకోవాలి, ఎర్రది వెలిగితే మాట సగంలో ఉన్నా ఆపాలి. మీట నా చేతిలో ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా ఇదే గుమాస్తా ఉద్యోగం. నా పేరు వెర్నా డూషెక్. నాకు అభిప్రాయాలు లేవని ఈ భవనంలో అందరికీ తెలుసు. ఉన్నాయేమోనని అనుమానం వచ్చినవాళ్లు కూడా అడిగి అడిగి విసుగెత్తి మానేశారు.

ఆ ఫిబ్రవరిలో మా ముందుకొచ్చిన బిల్లు ఇదీ: పద్దెనిమిదేళ్లు నిండని ట్రాన్స్ పిల్లలకు డాక్టర్లు ఒంటి తీరు మార్చే హార్మోను మందులు ఇవ్వకూడదు. ఇప్పటికే వాడుతున్నవాళ్లు కూడా అక్టోబరుకల్లా ఆపెయ్యాలి. తెచ్చింది సెనెటర్ లీలండ్ ప్రొహాస్కా, పడమటి జిల్లా రైతు, మా కమిటీలోనే సభ్యుడు, మంచి మనిషి. మంచి మనుషులు తెచ్చే బిల్లులతోనే నాకు చాకిరీ ఎక్కువ. వచ్చిన ప్రతివాళ్లనీ మాట్లాడనివ్వమంటారు.

పొద్దున ఏడింటికి తలుపు తీసేసరికి వరస మెట్ల దాకా ఉంది. రెండు పక్షాలవాళ్లూ ఒకే వరసలో నిలబడి, ఒకరి ఫ్లాస్కు కాఫీ ఒకరు పుచ్చుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తాగుతున్నారు. నేను బల్ల మీద పేర్ల కాగితం పెట్టాను. దాని తల మీద బిల్లు తెచ్చినాయన పేరు ఉంటుంది, కింద మూడు గడులు: అనుకూలం, వ్యతిరేకం, తటస్థం. తటస్థం గడిలో మామూలుగా సంతకం పెట్టేది ప్రభుత్వ కార్యాలయాల వాళ్లు, వివరాలు చెప్పి పోయేవాళ్లు. మా చైర్మన్ దాన్ని పిల్లి గోడ అంటాడు.

తొమ్మిదో మనిషిగా ఒక పెద్దాయన వచ్చాడు. డెబ్బై దాటి ఉంటాయి. విత్తనాల కంపెనీ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"చెప్పుకునేవాళ్లు పేరు రాయాల్సింది ఇక్కడేనా అమ్మా?"

"ఇక్కడేనండీ. ఎంత దూరం నుంచి?"

"ఐదు గంటల దారి. మంచు పడి ఆరయింది." జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన రెండు కాగితాలు తీశాడు. "నా పేరు ఎమ్మెట్ వ్రానా. మా ఇంట్లో... మా అబ్బాయి బిడ్డ... టోబిన్." ఆ పేరు ఆయన నోట్లో కొత్తగా కట్టించుకున్న పన్నులా ఇబ్బంది పెడుతున్నట్టుంది. "ఆ మందు మొదలెట్టి పది నెలలు. ఇక్కడికి రమ్మంటే రానన్నాడు, కళ్లన్నీ తన మీదే ఉంటాయని. నన్నొక్కటే అడిగాడమ్మా. 'తాతా, నువ్వేం గొప్పగా మాట్లాడక్కర్లేదు. నా పక్కన ఉన్నానని పదిమందిలో ఒక్కసారి అను చాలు. అది రాతలో పడాలి' అన్నాడు. పడుతుందా రాతలో?"

"ఇక్కడ దగ్గినా రాతలో పడుతుందండీ."

ఆయన నవ్వి కలం తీసుకున్నాడు. కాగితం తల మీద పేరు చదివి ఆగిపోయాడు.

"ఇది లీలండ్ తెచ్చిన బిల్లా?"

"అవునండీ. తెలీదా?"

"టీవీలో బిల్లు నంబరే చెప్తారు, నేనది రాసుకున్నా. లీలండ్‌ది మా పక్క పొలమే. మొన్నటి కోతలప్పుడు నాకు గుండె ఆపరేషనయితే నా మొక్కజొన్నంతా కోసింది వాడే. ముగ్గురు కొడుకుల్నీ వెంటేసుకొచ్చి నాలుగు రోజులు కోశాడు. మా ఇంట్లో కాఫీ కూడా ముట్టలేదు."

కలం మొన వ్యతిరేకం గడి మీద కాసేపు తచ్చాడింది. తర్వాత పక్క గడిలోకి జరిగి గుర్తు పెట్టింది. తటస్థం.

"నాకెవరితోనూ తగువు లేదమ్మా. చెప్పాల్సింది నోటితో చెప్తాగా," అన్నాడు.

మా వైపు మనుషులు ఇంతే. ఇల్లు తగలబడుతున్నా పక్కింటాయన్ని నిద్ర లేపడానికి మొహమాటపడతారు. కోత కోసి పెట్టిన మనిషి కాగితం మీద 'వ్యతిరేకం' అని రాయడం పెద్దాయనకు చేతకాలేదు. కానీ ఆ గడిలో పడ్డవాళ్లు అందరికంటే చివర మాట్లాడాలి, అదీ బిల్లు మంచిదనీ చెడ్డదనీ అనకుండా. ఆ సంగతి చెప్పడానికి నా నాలుక చివరిదాకా మాట వచ్చింది. అయితే ఏ గడిలో రాయాలో గుమాస్తా సలహా ఇవ్వకూడదు. అది నియమం. ఒకరికి చెప్తే అందరికీ చెప్పాలి. నోరు కట్టేసుకుని పదో మనిషికి కలం ఇచ్చాను.

ఒక్కో పక్షానికి మూడు గంటలు, ఒక్కో మనిషికి రెండు నిమిషాలు. ముందు అనుకూలం వాళ్లు. వాళ్లలో మార్వెల్లా హాయ్ట్ అనే ఆవిడ ఒక ఫొటో తెచ్చుకుంది. తన కూతురు మగపిల్లాడిగా మారడానికి పదహారో ఏట ఆ మందులు మొదలుపెట్టి, ఇరవయ్యో ఏట మానేసి వెనక్కి తిరిగిందనీ, పాత గొంతు మాత్రం తిరిగి రాలేదనీ చెప్పింది. "మమ్మల్ని ఆగమని ఒక్కళ్లూ చెప్పలేదు. ఒక్క డాక్టరు చెప్పినా..." అంటుండగా ఎర్రదీపం వెలిగింది. "ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట," అంది. "టైమయిపోయింది తల్లీ," అన్నాడు చైర్మన్ కుచెరా. ఆవిడ ఫొటోని గుండెకు ఆనించుకుని లేచింది. మీట నొక్కింది నా బొటనవేలే.

భోజనానికి కింద క్యాంటీన్‌లో చిల్లీ అనే మాంసం, చిక్కుడు గింజల కూర, దాని పక్కన సినమన్ రోల్, అంటే దాల్చినచెక్క తీపి రొట్టె. మాకు అవి రెండూ జంట. చోటు లేక జనం దొరికినచోట కూర్చుంటున్నారు. నా వెనక బల్ల దగ్గర ఎమ్మెట్ వ్రానా, సెనెటర్ ప్రొహాస్కా ఎదురెదురుగా పడ్డారు. చెవులు మూసుకునే అలవాటు నాకు లేదు.

"దూడలెన్ని పడ్డాయి ఎమ్మెట్?"

"పదకొండు. ఒకటి పోయింది."

"ఈ చలికి ఒకటే పోయిందంటే నీ అదృష్టం. గుండె ఎలా ఉంది?"

"కొట్టుకుంటోంది."

"ఇంత దూరం వచ్చావేంటి?"

"పనుండి."

ప్రొహాస్కా ఇంకేం అడగలేదు. ఆయనకు తెలియకుండా ఎలా ఉంటుంది? పక్క పొలం. చివరికి తన రోల్‌లో సగం విరిచి పెద్దాయన పళ్లెంలో పెట్టాడు. పెద్దాయన తినేశాడు. ఇద్దరూ పళ్లేలు ఎత్తుకుని చెరోవైపు వెళ్లిపోయారు.

మధ్యాహ్నం వ్యతిరేకం వాళ్లు. ఒక పిల్లల డాక్టరు, ఒక పాస్టరు, కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చదివిన పదిహేనేళ్ల పిల్ల. వాళ్లకూ అదే దీపం, అదే బొటనవేలు. ఐదున్నరకు వాళ్ల మూడు గంటలూ అయిపోయాయి. ఇంకా అరవై మంది మిగిలారు. వాళ్ల పేర్లు మాత్రం రాసుకుని పంపేశారు.

ఆరింటికి తటస్థం. అగ్నిమాపక శాఖ ఆయన ఒకడు వేరే బిల్లు గదికి వెళ్లబోయి పొరపాటున ఇక్కడికొచ్చాడు. ఆయన్ని పంపించేస్తే మిగిలింది ఒక్కడే.

ఎమ్మెట్ వ్రానా కుర్చీలో కూర్చుని మడతలు విప్పాడు. చైర్మన్ 'పేరు చెప్పండి' అని మామూలు మాట అనేలోపే చదవడం మొదలుపెట్టేశాడు.

"లీలండ్, ఈ బిల్లు వద్దని చెప్పడానికి..."

"ఆగండాగండి," అన్నాడు కుచెరా. "పెద్దాయనా, మీరు తటస్థంలో రాశారు. ఆ గడిలోవాళ్లు వద్దనీ అనకూడదు, కావాలనీ అనకూడదు."

"మరి ఏమనాలి?"

గది మొత్తం నవ్వింది. రెండు పక్షాలూ కలిసి నవ్వడం ఆ రోజుకు అదే మొదటిసారి.

కుచెరా నవ్వలేదు. ఓపిగ్గానే చెప్పాడు. "మీకు రెండు దార్లున్నాయి. తటస్థంగా ఉంటే రెండు నిమిషాలిస్తాను, మీ ఇంటి సంగతులు చెప్పుకోండి, కానీ బిల్లు జోలికి రాకూడదు. లేదూ, వ్యతిరేకంలోకి మారతానంటే మారుస్తాం. అయితే ఆ పక్షం టైము అయిపోయింది. పేరు, ఎవరి తరపున వచ్చారో చెప్పి వెళ్లిపోవడమే. మాట్లాడ్డానికి లేదు."

పెద్దాయన చేతిలో ఆ రెండు కాగితాలనూ చూసుకున్నాడు. దూరం నుంచే కనిపిస్తోంది, పెన్సిల్‌తో రాసి, చెరిపి, మళ్లీ రాసినవి. వారం రోజుల పని అయి ఉంటుంది. తర్వాత ఎదురుగా ఉన్న ప్రొహాస్కా వైపు చూశాడు. ప్రొహాస్కా బల్ల వైపు చూస్తున్నాడు.

"తటస్థంలో మాట్లాడితే, రాతలో ఏమని ఉంటుంది?"

"తటస్థమనే ఉంటుంది."

"నేనెంత మాట్లాడినా?"

"ఎంత మాట్లాడినా."

కాగితాలు మళ్లీ నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టేసుకున్నాడు. "అయితే మార్చండి," అన్నాడు.

కుచెరా నావైపు తలూపాడు. నేను గుర్తు కొట్టేసి పక్క గడిలో పెట్టాను. నా చెయ్యి కొంచెం తొందరపడిందని ఒప్పుకుంటాను.

"పేరు చెప్పండి. ఎవరి తరపునో చెప్పండి."

ఇక్కడ మా పద్ధతి ఒకటి ఉంది. పేరూ, ఎవరి తరపునో చెప్పేదాకా గడియారం మొదలవదు. అంతా 'నా తరపునే' అంటారు, రెండు మాటల్లో అయిపోతుంది. అంతవరకూ మీట మీద వేలు పెట్టే పని నాకు లేదు.

"ఎమ్మెట్ వ్రానా. ఎవరి తరపునంటే..." చంకలో టోపీ ఒళ్లోకి తీసుకున్నాడు. "టోబిన్ వ్రానా తరపున. వాడు నా మనవడు. పదహారేళ్లు. ఎవరంటే... నేను ఏడాది పాటు పాత పేరు పెట్టి పిలిస్తే పలకని వాడు. నేనూ పంతానికి పోయా. ఒకే బల్ల దగ్గర కూర్చుని ఏడాది మాటల్లేకుండా అన్నం తిన్నాం. వాడు తిన్నాడో లేదో కూడా నేను చూళ్లేదు."

కుచెరా నా పెట్టె వైపు చూశాడు. మూడు దీపాలూ ఆరిపోయి ఉన్నాయి.

"వెర్నా, దీపం?"

"ఎవరి తరపునో ఇంకా చెప్తున్నారు చైర్మన్ గారూ. అయ్యాక వేస్తాను."

ఇరవై రెండేళ్లలో ఆయనకు నేను ఎదురు చెప్పింది లేదు. ఆయన నన్ను చూశాడు. నేను పెట్టెను చూశాను.

"మందు మొదలెట్టిన రెండు నెలలకి ఓ పొద్దున కొట్టం దగ్గరికొచ్చి, 'తాతా, ట్రాక్టర్ తోలడం నేర్పుతావా' అన్నాడు. తనంతట తను నాతో మాట్లాడాడు. వాడి తరపున వచ్చా. లీలండ్, నువ్వు చేసింది మర్చిపోలా, చచ్చేదాకా మర్చిపోను. కానీ నీ బిల్లుకి నేను వ్యతిరేకం. రాసుకోండమ్మా."

లేచి, టోపీ పెట్టుకుని, వెళ్లిపోయాడు. అప్పుడు నేను పచ్చదీపం వేశాను, ఖాళీ కుర్చీకి. ఒక్క క్షణం ఉంచి తీసేశాను.

కమిటీలో బిల్లు అయిదు-మూడుతో గెలిచింది. ఆ పెద్దాయన మాటలకు ఎవరి ఓటూ మారలేదు. ప్రొహాస్కా 'అనుకూలం' అన్నాడు, చాలా మెల్లగా. చైర్మన్ 'వినపడలేదు' అంటే మళ్లీ అన్నాడు.

మర్నాడు కుచెరా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "వెర్నా, కావాలనే చేశావు కదూ?"

"నియమం ప్రకారం చేశానండీ."

"నియమం నాకు చెప్పకు, రాసిందే నేను," అని వెళ్లిపోయాడు.

నియమం ప్రకారమే చేశాను. అయినా మార్వెల్లా హాయ్ట్ ఒక్క మాట అడిగితే ఇవ్వలేదు, ఈయనకు నిమిషం పైన వదిలేశాను. ఆవిడ ఎదురైతే ఏం చెప్పాలో నాకు తెలియదు. సిగ్గుగానే ఉంది. అయినా మళ్లీ ఆ సాయంత్రం వస్తే వేలు మీట మీదకు వెళ్తుందని మాత్రం అనుకోను.

నివేదికలో మూడు జాబితాలు టైపు చేశాను. ప్రతి పేరు పక్కనా ఎవరి తరపునో ఉంటుంది. స్వయంగా, స్వయంగా, స్వయంగా. చైర్మన్ గుమాస్తా పిల్ల చూసి, "ఇక్కడ తప్పు పడిందండీ, ఇదీ 'స్వయంగా' అని ఉండాలిగా?" అంది.

"ఆయన అన్నదే రాశా. నీ పని చూసుకో తల్లీ."

మూడు వారాల తర్వాత సభ బిల్లును పాస్ చేసింది. ఆ మధ్యాహ్నమే నా ఫోను మోగింది. అవతల పిల్లాడి గొంతు, ఆ వయసు మగపిల్లలకు పగిలినట్టే పగిలి, మాట మధ్యలో కిందికి జారుతోంది.

"అమ్మా, నేను టోబిన్ వ్రానా. బిల్లు పాసయిందని తెలుసు, దానికోసం కాదు. మా తాత ఆ రోజు వచ్చాడంట. ఏమన్నావని అడిగితే 'పేరు చెప్పి వచ్చేశా' అంటాడు, ఇంకేం చెప్పడు. అక్కడేమన్నా రాసుందా?"

"ఉంది. మూడో పేజీ."

"చదువుతారా?"

కాగితం తీశాను. "వ్యతిరేకం. ఎమ్మెట్ వ్రానా. టోబిన్ వ్రానా తరపున."

అవతల ఎక్కడో దూడ అరుస్తోంది.

"నా పేరే రాసుందా? టోబిన్ అనే?"

"టోబిన్ అనే ఉంది బాబూ."

"ఇంకోసారి చదవండి."

చదివాను. ఎన్నిసార్లు చదవాలో నియమం ఏదీ లేదు. పిల్లాడు పెట్టేసేదాకా చదువుతూనే ఉన్నాను.